గ్లూటెన్ పడని పిల్లలకు పాప్‌కార్న్ పెట్టొచ్చా? మా ఇంట్లో ఎలా చేస్తున్నామంటే

మీ అబ్బాయికి సీలియాక్ (గ్లూటెన్ తింటే పేగు దెబ్బతినే జబ్బు) అని తేలి నెల రోజులైందని, ప్యాకెట్ పాప్‌కార్న్ తిన్న రాత్రంతా కడుపునొప్పితో నిద్రపోలేదని రాశారు. పాప్‌కార్న్‌లో గ్లూటెన్ ఉంటుందా, ఎలాంటిది కొనాలి, ఇంట్లో ఎలా చేయాలి అని అడిగారు. మా అమ్మాయికి ఇదే జబ్బు బయటపడి ఐదేళ్లు దాటింది. అప్పుడు తనకి ఏడేళ్లు. మీ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు మీ మనసు కుదుటపడే మాట చెప్తాను. సీలియాక్ ఉన్నవాళ్లకి హాని చేసే గ్లూటెన్ అనే ప్రోటీన్ గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉంటుంది. మొక్కజొన్నలో అది లేదు. మొక్కజొన్నలో ఉండే ముఖ్యమైన ప్రోటీన్ పేరు జీన్ (zein), అది వేరే రకం. ఎక్కడైనా ‘కార్న్ గ్లూటెన్’ అనే మాట కనబడితే కంగారు పడకండి, అది మొక్కజొన్న ప్రోటీన్‌కి వాడుకలో ఉన్న పేరు. కాబట్టి గింజతో పేచీ లేదు. ఆ గింజ పిల్లాడి చేతికి వచ్చేలోపు దానికి ఏం కలిసింది, ఏం అంటుకుంది అన్నదే మనం చూసుకోవాలి.

నాకు ఈ సంగతి ఉప్పు డబ్బా వల్ల తెలిసింది. మొదటి ఏడాది ఇంట్లో నేనే పాప్‌కార్న్ చేసేదాన్ని. గింజల ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని ఉంది, గిన్నె కొత్తది, నూనె సీసా అప్పుడే తెరిచింది. అయినా తిన్న మర్నాడు పాపకి పొట్ట ఉబ్బరం, నీరసం. ఇలా మూడుసార్లు అయింది. ఒక సాయంత్రం ఉప్పు డబ్బా మూత తీసి కిటికీ దగ్గర వెలుతురులో చూశాను. తెల్లటి ఉప్పులో అక్కడక్కడ ఆవగింజంత పిండి ఉండలు ఉన్నాయి. మిగతావాళ్ల కోసం గోధుమపిండి కలిపేటప్పుడు అదే చేత్తో ఉప్పు తీసి వేసేదాన్ని. ఆ ఉప్పే తీసుకెళ్లి పాప పాప్‌కార్న్ మీద చల్లుతున్నాను. అది చూశాక నాకు ఏడుపొచ్చింది. ఆ రాత్రే తన కోసం చిల్లుల మూత ఉన్న సీసాలో వేరే ఉప్పు పోసి పెట్టాను. దాంట్లోకి చెయ్యి వెళ్లే వీలు లేదు. మీ ఇంట్లో కూడా ఉప్పు, చక్కెర, వెన్న, ఈ మూడూ పిల్లాడికి విడిగా పెట్టండి. వెన్న గురించి ప్రత్యేకంగా చెప్తున్నాను, బ్రెడ్డుకి రాసిన చాకు మళ్లీ వెన్న డబ్బాలోకే వెళ్తుంది కదా.

కొనే విషయానికి వస్తే, నా ఓటు ఎప్పుడూ పచ్చి గింజలకే. సీలు వేసిన ప్యాకెట్‌లో గింజలు తప్ప ఇంకేమీ కలపరు. విడిగా తూకం వేసి ఇచ్చేవి మాత్రం వద్దు. ఒకే గరిటె అన్ని ధాన్యాల డబ్బాల్లోనూ తిరుగుతుంది. ఒకసారి అలా తెచ్చిన గింజల్ని తెల్లటి పళ్లెంలో పరిచి చూస్తే బార్లీ గింజ ఒకటి దొరికింది. ఇప్పుడు ప్యాకెట్ గింజలైనా సరే, పళ్లెంలో పరిచి ఒక్క నిమిషం చూడకుండా స్టవ్ మీద వేయను. ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాయాలంటే చాలా దేశాల్లో కిలోకి 20 మిల్లీగ్రాముల కన్నా ఎక్కువ గ్లూటెన్ ఉండకూడదన్న నియమం ఉంది. ‘వీట్ ఫ్రీ’ అన్నది చూసి మాత్రం మోసపోకండి. గోధుమ లేకపోయినా బార్లీ ఉండొచ్చు.

రుచులు కలిపిన ప్యాకెట్లలోనే అసలు చిక్కు. వెనకవైపు చిన్న అక్షరాల్లో మాల్ట్, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, మాల్ట్ వెనిగర్ అని ఉంటే పక్కన పెట్టేయండి, అవి సాధారణంగా బార్లీతో చేసేవి. సోయా సాస్ పొడిలో చాలాసార్లు గోధుమ ఉంటుంది. బ్రూవర్స్ యీస్ట్ బీరు తయారీలోంచి వస్తుంది కాబట్టి అందులో బార్లీ అవశేషాలు ఉండే అవకాశం ఉంది. హైడ్రోలైజ్డ్ వీట్ ప్రోటీన్ అంటే ఇక చెప్పక్కర్లేదు. మాల్టోడెక్స్‌ట్రిన్ చూసి మాత్రం భయపడకండి. పేరులో ‘మాల్ట్’ ఉన్నా బార్లీ మాల్ట్‌తో దానికి సంబంధం లేదు. ‘గోధుమ కలిసి ఉండవచ్చు’ అన్న హెచ్చరిక చాలా దేశాల్లో కంపెనీల ఇష్టం, రాసి తీరాలని లేదు. అందుకే అది లేనంత మాత్రాన ప్యాకెట్ సురక్షితం అనుకోను.

ఇంట్లో చేయడానికి అడుగు మందంగా ఉన్న మూడు లీటర్ల గిన్నె, దానికి సరిపోయే మూత ఉంటే చాలు. మూడు టేబుల్ స్పూన్ల నూనె పోసి, మధ్యస్థంగా సెగ పెట్టి, మూడే మూడు గింజలు వేసి మూత పెట్టండి. ఆ మూడూ పేలాయంటే నూనె సరిగ్గా కాగినట్టు. వాటిని తీసేసి, అర కప్పు గింజలు వేసి, గిన్నె దించి అర నిమిషం పక్కన పెట్టండి. ఈ అర నిమిషం దాటవేయకండి. గింజలన్నీ ఒకే వేడికి వస్తాయి, తర్వాత దాదాపు అన్నీ ఒకేసారి పేలతాయి. మళ్లీ స్టవ్ మీద పెట్టి, మూత వెంట్రుకవాసి తెరిచి ఉంచి, గిన్నెను అప్పుడప్పుడు ఊపుతూ ఉండండి. ఆవిరి బయటికి పోతేనే కరకరలాడతాయి, లేకపోతే తోలులా సాగుతాయి. మూత తెరిచిన వైపు మీ ముఖం వైపు ఉండకూడదు. పేలుడుకీ పేలుడుకీ మధ్య రెండు మూడు సెకన్ల ఎడం వచ్చిందంటే దించేయాలి. చివరి నాలుగు గింజల కోసం ఆగితే అడుగు మాడుతుంది.

నూనె బదులు వెన్న వేసి పేల్చొద్దు. గింజ పేలడానికి దాదాపు 180 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి, వెన్నలోని పాల పదార్థం అంతకుముందే మాడిపోతుంది. నెయ్యి అయితే తట్టుకుంటుంది. ఉప్పును మిక్సీలో మెత్తటి పొడి చేసుకుంటే బాగా అంటుకుంటుంది, తక్కువే పడుతుంది. ఆ మిక్సీ గిన్నెలో పిండి పట్టకూడదని వేరే చెప్పాలా!

సగం గింజలు పేలకుండా మిగిలిపోతున్నాయంటే అవి ఎండిపోయాయని అర్థం. గింజ లోపల సుమారు 14 శాతం తేమ ఉండాలి. అది ఆవిరై, గట్టి పొట్టుని లోపలినుంచి నెట్టి పగలగొడుతుంది. ఎండిన గింజల్ని గాజు సీసాలో పోసి, కప్పుకి ఒక టీస్పూన్ నీళ్లు కలిపి, మూత బిగించి బాగా కుదపండి. రెండు మూడు రోజులు రోజూ ఒకసారి కుదుపుతూ ఉంటే మళ్లీ పేలతాయి. నేను దాదాపు పారేయబోయిన సీసా ఒకటి ఇలాగే పనికొచ్చింది.

ఇంకొకటి, మీ అబ్బాయి నొప్పికి గ్లూటెనే కారణం కాకపోవచ్చు కూడా. జబ్బు కొత్తగా బయటపడినప్పుడు పేగు లోపలి పొర దెబ్బతిని ఉంటుంది. పాలలోని చక్కెరను అరిగించే ఎంజైమ్ ఆ పొరలోనే తయారవుతుంది. అందుకే కొన్నాళ్ల పాటు చాలామంది పిల్లలకు పాలు కూడా పడవు. ఛీజ్ పొడి, పాలపొడి చల్లిన ప్యాకెట్ అయితే నొప్పి అలా కూడా వచ్చి ఉండొచ్చు. పాప్‌కార్న్ పొట్టు కూడా గరుకైన పీచు. మా డైటీషియన్ మొదటి మూడు నెలలు ఆపమన్నారు, తర్వాత గుప్పెడుతో మొదలుపెట్టించారు. మీ డాక్టర్ని ఈ మాట తప్పకుండా అడగండి. ఇంట్లో నాలుగేళ్లలోపు చిన్నపిల్లలుంటే వాళ్ల చేతికి అసలు ఇవ్వకండి, గొంతులో అడ్డుపడుతుంది.

సినిమా హాల్లో దొరికేది మేము కొనం. ఏ నూనె, ఏ పొడి వాడారో అక్కడ అమ్మే కుర్రాళ్లకి తెలియదు, వాళ్లని తప్పుపట్టలేం. స్నేహితుల ఇంటికి వెళ్లేటప్పుడు పాప తన మూత డబ్బా తనే నింపుకుంటుంది. అందరూ ఒకే గిన్నెలో చేతులు పెడుతున్నప్పుడు, తన డబ్బా ఒళ్లో పెట్టుకుని తింటుంది. మొదట్లో చిన్నబుచ్చుకునేది. ఇప్పుడు తన డబ్బాలోంచి వాళ్లకి తనే ఒంపి ఇస్తుంది, వాళ్ల చేతులు మాత్రం లోపల పెట్టనివ్వదు.

ఆ రోజు మీ అబ్బాయి తిన్న ప్యాకెట్ కవరు ఇంకా పారేయకపోతే, వెనక ఉన్న పదార్థాల పేర్లు రాయండి. ఒక్కొక్కటీ చూసి చెప్తాను.