బడి ఫోటో తీసుకుపో

కడప,
ఆదివారం

అమ్మీ,

రెప్ప ఆపరేషన్‌కు హైదరాబాద్ పోతున్నావని, డబ్బు కూడా నీ జీతంలోంచే దాచుకున్నావని మీ నాయన నిన్న ఫోన్‌లో చెప్పాడు. వాడి గొంతు నిండా గర్వమే. నాకూ గర్వంగానే ఉంది గానీ, కంటి దగ్గర కత్తి అనేసరికి రాత్రంతా నిద్ర పట్టలేదు.

"అత్తకు చేశారు కదా, అదే" అని అందరికీ చెప్తున్నావట. అదీ ఇదీ ఒకటెట్లా అవుతుంది? నాకు వయసు మీద పడి రెప్ప పైన తోలు వేలాడింది. ఎక్కువైన తోలు తీసి కుట్లేశారు, అంతే. నీకు పుట్టుకతోనే రెప్పనెత్తే కండరంలో సత్తువ తక్కువ. తోలు ఎంత తీసినా ఆ రెప్ప లేవదు.

డాక్టరు నీ కనుబొమను వేలితో అదిమిపట్టి, కిందికీ పైకీ చూడమని రెప్ప ఎంత కదిలిందో స్కేలుతో కొలుస్తారు. మామూలు రెప్ప 12 మిల్లీమీటర్లకు పైనే కదులుతుంది. నీది ఒక మాదిరిగా కదిలితే ఆ కండరాన్నే కురచ చేసి బిగిస్తారు. 4 మిల్లీమీటర్లు కూడా దాటకపోతే సాధారణంగా స్లింగ్ వేస్తారు. అంటే సిలికాన్ తీగతోనో, తొడలోంచి తీసిన నారతోనో రెప్పను నుదుటి కండరానికి కట్టడం. ఆ తర్వాత కనుబొమ ఎగరేస్తే రెప్ప తెరుచుకుంటుంది. నమిలేటప్పుడు రెప్ప ఎగురుతుందా అని కూడా చూస్తారు, సిగ్గుపడకుండా నమిలి చూపించు. వేసుకునే మాత్రలన్నీ చెప్పు.

ఇక నేను దాచుకున్న మాట. నీకు నాలుగేళ్లప్పుడు మన వీధి బడిలో కంటి క్యాంపు పెట్టారు. అక్కడి డాక్టరమ్మ నిన్ను చూసి, "రెప్ప కంటిపాపను కప్పేస్తే ఆ కన్ను చూడటం నేర్చుకోదు, పెద్దాసుపత్రిలో చూపించండి" అని చీటీ రాసిచ్చింది. మీ నాయన బస్సు టికెట్లు కూడా తెచ్చాడు. ఆపింది నేను. ఆడపిల్ల మొహాన గాటు పడితే రేపు ఎవరు చేసుకుంటారు, పెరిగేకొద్దీ అదే సర్దుకుంటుందిలే అన్నాను. అక్కను కదా, వాడు నా మాట దాటలేదు.

అంతటితో ఊరుకున్నానా? నువ్వెప్పుడూ గడ్డం పైకెత్తి చూసేదానివి. ఇంత పిల్లకు ఇంత పొగరేంటి అనుకునేదాన్ని. రథసప్తమికి దేవుని కడప తీసుకుపోయి, తేరు ముందర ఫోటో తీయిస్తూ, "తల దించవే" అని నెత్తిన ఒకటి మొట్టాను. దించావు పాపం. ఆ ఫోటోలో నీ ఎడమ కన్ను కనపడనే కనపడదు.

పోయినేడు నా రెప్పలు చూపించుకోను పోయినప్పుడు నీ సంగతి అడిగాను. "ఆ పాప గడ్డం ఎత్తింది రెప్ప కింది నుంచి రెండు కళ్లతో చూడటానికేనమ్మా, అట్లా చూడబట్టే చూపు నిలిచి ఉంటుంది" అన్నారు డాక్టరు. బయట బెంచీ మీద ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలీదు. నీ కన్నును నువ్వు కాపాడుకుంటుంటే నేను మొట్టికాయ వేశాను తల్లీ.

అందుకే ఇప్పుడు వద్దనను. కానీ ఒక్క భయం పోవడం లేదు. స్లింగ్ వేస్తే నిద్రలో కన్ను పూర్తిగా మూసుకోకపోవచ్చు. మన ఎండలు, దుమ్ము, రాత్రంతా మొహం మీద ఫ్యాను గాలి, కన్ను ఎండిపోతే నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. పగలు చుక్కలు, రాత్రి జెల్, ఒక్క పూట మానినా నేను ఒప్పుకోను. అద్దంలో చూసుకుని "ఇంకొంచెం ఎత్తండి డాక్టర్" అని మాత్రం అనకు. ఎంత ఎత్తితే మూసుకోవడం అంత కష్టం. కిందికి చూసినప్పుడు రెండు రెప్పలూ సమానంగా దిగవు, దానికి ఏడవొద్దు. ఏళ్లు గడిచాక మళ్లీ జారితే మళ్లీ చేయించుకోవచ్చు. ఆపరేషన్ అయిన రాత్రి విపరీతమైన నొప్పి వచ్చినా, చూపు మసకబారినా తెల్లవారేదాకా ఆగొద్దు, ఆసుపత్రికి పరిగెత్తు.

వెంట నేనే వస్తాను. మీ అమ్మ రక్తం చూడలేదు.

పాత ఫోటోలు కూడా అడుగుతారట. తేరు ఫోటో ఇక్కడే ఉండనీ. ఒకటో తరగతి గ్రూపు ఫోటో ఈ కవర్లో పెడుతున్నా, అది తీసుకుపో. దాంట్లో నీ గడ్డం పైకే ఉంది.

మీ అత్త