ర్యామ్ 2500 డీజిల్‌తో 13,500 పౌండ్ల ఫిఫ్త్ వీల్ లాగొచ్చా? ముందు డ్రైవర్ డోర్ తెరిచి స్టిక్కర్ చదవండి

ప్రశ్న ఇదీ: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం, ర్యామ్ 2500 కమిన్స్ డీజిల్, క్రూ క్యాబ్, ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది. వేసవిలో అమ్మానాన్న ఇండియా నుంచి వస్తున్నారు. అందరం కొలరాడో వెళ్లాలని 13,500 పౌండ్ల జీవీడబ్ల్యూఆర్ (సామానుతో కలిపి మించకూడని మొత్తం బరువు) ఉన్న ఫిఫ్త్ వీల్ క్యాంపర్, అంటే ముందు భాగం ట్రక్ బెడ్‌లోని హిచ్ మీద కూర్చునే ట్రైలర్, చూశాం. ట్రక్ బ్రోషర్‌లో టోయింగ్ 19,000 పైన ఉంది కాబట్టి బోలెడు మిగులు ఉన్నట్టేనా?

లేదండీ. మిగులు సంగతి అటుంచి, సుమారు పదిహేను నుంచి పదిహేడు వందల పౌండ్ల లోటు ఉంది. ఇంజిన్ లాగుతుంది, అందులో అనుమానం లేదు. కానీ ఫిఫ్త్ వీల్‌ని లాగితే సరిపోదు, దాని ముందు భాగాన్ని ట్రక్ మొయ్యాలి కూడా. ట్రైలర్ బరువులో అయిదో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, నేరుగా మీ వెనక ఇరుసు మీద కూర్చుంటుంది. దాన్నే పిన్ వెయిట్ అంటారు. మీ ట్రక్ ఎంత మోయగలదో బ్రోషర్‌లో కాదు, డ్రైవర్ డోర్ తెరిస్తే పక్క స్తంభం మీద పసుపు, తెలుపు రంగుల స్టిక్కర్‌లో ఉంటుంది. మనుషులు, సామాను అన్నీ కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదని అందులో రాసి ఉంటుంది. దాన్నే పేలోడ్ అంటారు. ఆ అంకె మీ వీఐఎన్‌కి (బండి గుర్తింపు సంఖ్యకి), మీ బండిలో ఫ్యాక్టరీ బిగించిన సీట్లకి, సన్‌రూఫ్‌కి, ఇంజిన్‌కి చెందినది. పక్కింటివాళ్ల 2500 అంకె మీకు పనికిరాదు.

కమిన్స్, క్రూ క్యాబ్, ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న 2500లో ఆ అంకె సాధారణంగా 2,000 నుంచి 2,300 మధ్య ఉంటుంది. తోలు సీట్లు, పెద్ద హంగులు ఉన్న మోడలైతే ఇంకా తక్కువ. లెక్క కోసం 2,150 అనుకుందాం. ఈ 2,150లో డ్రైవర్ కూడా ఉంటాడు, చాలామంది ఇది మర్చిపోతారు. మీరు 180, మీ ఆవిడ 140, పిల్లాడు 70, నాన్నగారు 150, అమ్మగారు 130 వేసుకుంటే 670. బెడ్‌లో బిగించే ఫిఫ్త్ వీల్ హిచ్ 100 నుంచి 250 పౌండ్ల దాకా ఉంటుంది, 150 వేయండి. కూలర్, పనిముట్లు, చెక్క దిమ్మలు, వెనక సీటు కింద సామాను కలిపి 100. మొత్తం 920. ఇక పిన్‌కి మిగిలింది 1,230 పౌండ్లు.

ఇప్పుడు ట్రైలర్ వైపు చూడండి. 13,500లో 20 శాతం అంటే 2,700. 22 శాతమైతే 2,970. మీ దగ్గరున్న చోటు 1,230. దాన్ని 0.20తో భాగిస్తే మీ కుటుంబంతో ఈ ట్రక్ మోయగల ఫిఫ్త్ వీల్ 6,150 పౌండ్లది, అదీ సామాను నింపాక. అయిదుగురు పడుకునే ఫిఫ్త్ వీల్ ఆ బరువులో దొరకడం కష్టం.

మరి బ్రోషర్‌లో 19,000 ఎక్కడిది? అది ఎస్ఏఈ జే2807 అనే ప్రమాణం ప్రకారం తేల్చిన అంకె. అరిజోనాలో బుల్‌హెడ్ సిటీ నుంచి పైకెక్కే డేవిస్ డ్యామ్ గ్రేడ్ మీద 11.4 మైళ్ల దూరం, ఏసీ పూర్తిగా వేసి, వెనక రెండు టైర్ల ట్రక్ 40 మైళ్ల వేగం కిందకి పడకుండా ఎక్కాలి. ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ అది గట్టి పరీక్షే. కానీ ఆ లెక్కలో ట్రక్‌లో ఉండేది 150 పౌండ్ల చొప్పున ఇద్దరు మనుషులు, ఫిఫ్త్ వీల్ పిన్ 15 శాతం. నిజమైన క్యాంపర్‌లో పడకగది, సామాను గది, బ్యాటరీలు, గ్యాస్ సిలిండర్లు అన్నీ ముందు వైపే ఉంటాయి, పిన్ 15 శాతంతో ఆగదు. ఆ 15 శాతమే పట్టుకున్నా 19,000కి పిన్ 2,850 అవుతుంది, 2,150 స్టిక్కర్ ఉన్న బండి దాన్ని మొయ్యలేదు. బ్రోషర్ అంకె ఎవరో కొనే హంగుల్లేని మోడల్‌కి వర్తిస్తుంది, మీ బండికి కాదు.

ట్రైలర్ బ్రోషర్ ఇంకో రకంగా తప్పుదారి పట్టిస్తుంది. అందులో డ్రై పిన్ వెయిట్ అని 2,000 దగ్గర ఒక అంకె కనిపిస్తుంది. డ్రై అంటే మీ సామాను లేకుండా, నీళ్లు లేకుండా, చాలాసార్లు బ్యాటరీలు, గ్యాస్ కూడా లేకుండా తూచింది. నిండిన 30 పౌండ్ల ప్రొపేన్ సిలిండర్ ఒక్కోటి సిలిండర్‌తో కలిపి 55 దాకా తూగుతుంది. అవి రెండు, లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండు పెడితేనే 200 దాటింది. పడకగది కింద ఉన్న పెద్ద అరలో కుర్చీలు, గొట్టాలు, గ్రిల్, జనరేటర్ సర్దితే అందులో ఎక్కువ భాగం పిన్ మీదే పడుతుంది. మనవాళ్లు సోనా మసూరి బస్తాలు, వెట్ గ్రైండర్, రెండు కుక్కర్లు లేకుండా కదలరు. అవి వంటగదిలో, ట్రైలర్ ఇరుసుల దగ్గర్లో పెట్టుకుంటే పిన్‌కి పెద్ద నష్టం లేదు. నీళ్లు గ్యాలన్‌కి 8.34 పౌండ్లు, 60 గ్యాలన్ల ట్యాంకు నింపితే 500. ఆ ట్యాంకు ఇరుసులకి ముందుంటే పిన్ పెరుగుతుంది, వెనకుంటే తగ్గుతుంది. అలాగని పిన్ తగ్గించడానికి వెనక బరువు నింపకండి. పిన్ 15 శాతం కిందకి పోతే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. అందుకే డ్రై అంకెలు పక్కన పెట్టి ట్రైలర్ జీవీడబ్ల్యూఆర్‌ని 0.22తో గుణించండి. కొనేటప్పుడు చూడాల్సిన పిన్ అదే.

ఇక్కడ ఇద్దరు మనుషులు మీకు ఎదురవుతారు. ఒకరు సేల్స్‌మన్. "ఈ ట్రక్ దీన్ని కళ్లు మూసుకుని లాగేస్తుంది" అంటాడు. ఆయన పని ట్రైలర్ అమ్మడం, మీ డోర్ తెరిచి స్టిక్కర్ చదివేవాణ్ని నేనింతవరకూ చూడలేదు. రెండోవారు వాట్సాప్ గ్రూప్‌లో "వెనక ఎయిర్‌బ్యాగులు వేయించండి, సరిపోతుంది" అనే మిత్రుడు. ఈ ఎయిర్‌బ్యాగులు, అంటే వెనక స్ప్రింగులకి తోడుగా పెట్టే గాలి సంచులు, బండి వెనక కుంగకుండా నిలబెడతాయి, హెడ్‌లైట్లు ఆకాశం వైపు చూడకుండా ఆపుతాయి. ఇరుసు, బేరింగులు, చక్రాలు, టైర్లు, బ్రేకులు మాత్రం పాతవే. పేలోడ్ ఒక్క పౌండు కూడా పెరగదు. పైగా బండి తిన్నగా నిలబడి కనిపిస్తుంది కాబట్టి ఓవర్‌లోడ్ అన్న సంగతే కంటికి ఆనదు.

"2500కి 10,000 జీవీడబ్ల్యూఆర్ అనేది కాగితం మీద పెట్టిన హద్దు, లోపల సామానంతా దాని పై మోడల్ 3500దే" అనే వాదన కూడా వింటారు. సగం నిజం ఉంది. 10,000 దాటితే బండి క్లాస్ 3 అనే పై బరువు వర్గంలోకి పోతుంది, దాని కిందే ఉంచడానికి కంపెనీకి వేరే కారణాలు ఉంటాయి. అయితే ర్యామ్ 2500 వెనక 2014 నుంచి కాయిల్ స్ప్రింగులు, 3500 వెనక లీఫ్ స్ప్రింగులు. ఆ వాదన ఒప్పుకుని వెనక ఇరుసు రేటింగ్ పట్టుకున్నా మీరు గట్టెక్కరు. 2500లకి అది ఎక్కువగా 6,000, 6,500 మధ్య ఉంటుంది. ఖాళీగా వెనక ఇరుసు మీద సుమారు 3,070 ఉంటుంది. హిచ్, వెనక సీటు వాళ్లు, సామాను కలిపి మరో 600. పైన 2,900 పిన్ పెడితే 6,500 దాటింది.

డీజిల్ కొన్నవాళ్లకి మింగుడుపడని సంగతి ఒకటుంది. అదే 2500లో 6.4 లీటర్ పెట్రోల్ ఇంజిన్ తీసుకుంటే పేలోడ్ 2,900 దగ్గర్లో ఉంటుంది. కమిన్స్ ఇంజిన్, దానికి తగ్గ గేర్‌బాక్స్ బరువు కాబట్టి 10,000 హద్దులో అది మీ పేలోడే తినేస్తుంది. పెట్రోల్ బండి కొండెక్కేటప్పుడు రొప్పుతుంది, ఎత్తు వెయ్యి అడుగులు పెరిగే కొద్దీ సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది. అయినా మోత లెక్కలో 9,000 పౌండ్ల ఫిఫ్త్ వీల్‌ని అదే హద్దులో మోస్తుంది.

మీకు దారులు మూడు. మొదటిది, ట్రక్ ఉంచుకుని ట్రైలర్ రకం మార్చడం. వెనక బంపర్ దగ్గర తగిలించే ట్రావెల్ ట్రైలర్‌లో హిచ్ మీద పడేది 10 నుంచి 15 శాతమే. 2,150లో మనుషులు 670, బరువు పంచే హిచ్ 100, సామాను 100 పోతే 1,280 మిగులుతుంది. 13 శాతం లెక్కన నింపిన బరువు 9,800 దాకా చెల్లుతుంది. రిసీవర్ (బంపర్ కింద హిచ్ దూర్చే గొట్టం) మీద ఉన్న లేబుల్‌లో టంగ్ వెయిట్ (హిచ్ మీద పడే బరువు) రేటింగ్ కూడా చూసుకోండి. అయిదుగురికి ఇది హాయిగా సరిపోయే పరిమాణం, నన్నడిగితే మీకు ఇదే సరైనది. రెండోది 3500, వెనక రెండు టైర్లది. డీజిల్ క్రూ క్యాబ్‌లో పేలోడ్ 4,000 అటూఇటూ ఉంటుంది. 920 తీస్తే 3,080, మీరు చూసిన ట్రైలర్ 22 శాతం పిన్ 2,970. సరిపోతుంది, వంద పౌండ్ల తేడాతో. మూడోది డ్యూయలీ, వెనక నాలుగు టైర్లది, పేలోడ్ 5,500 దగ్గర. డాలస్ నుంచి అమరిల్లో, డాల్‌హార్ట్ మీదుగా పోయే ఆ పాన్‌హ్యాండిల్ గాలిలో 13 అడుగుల ఎత్తు గోడని లాగేటప్పుడు డ్యూయలీ నిలకడే వేరు. కాస్ట్‌కోలో పార్కింగ్ మాత్రం నరకం.

ఏది కొన్నా, బయల్దేరే ముందు తూయించండి. మన దగ్గర ధాన్యం లారీని కాటా మీద నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి ఎక్కించినట్టే. పైలట్, లవ్స్ లాంటి ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ ఉంటుంది. ట్యాంక్ నింపి, అందరూ కూర్చుని, సామానంతా సర్ది ఎక్కండి. ట్రక్ ముందు చక్రాలు మొదటి పలక మీద, వెనక చక్రాలు రెండో దాని మీద, ట్రైలర్ చక్రాలు మూడో దాని మీద ఉండాలి. బటన్ నొక్కి చెబితే తూచి చీటీ ఇస్తారు. తర్వాత ట్రైలర్‌ని పార్కింగ్‌లో వదిలి, అదే మనుషులతో ట్రక్‌ని మళ్లీ తూయించండి. 24 గంటల్లోపు రెండోసారికి రుసుము తక్కువ. మీరు చూసిన జోడీ అయితే చీటీ సుమారుగా ఇలా వస్తుంది: ముందు 5,120, వెనక 6,560, ట్రైలర్ 10,480. ట్రక్ ఒక్కటే అయితే ముందు 5,060, వెనక 3,720. మొదటి తూకంలో ట్రక్ 11,680, రెండో దానిలో 8,780. తేడా 2,900, అదే నిజమైన పిన్. దానికి 10,480 కలిపితే ట్రైలర్ 13,380. ట్రక్ జీవీడబ్ల్యూఆర్ 10,000 కాబట్టి 1,680 ఎక్కువ.

తతిమ్మావి చకచకా చెప్తాను. మీ బెడ్ 6 అడుగుల 4 అంగుళాలది, మెలిక తిప్పేటప్పుడు ట్రైలర్ మూల క్యాబ్ అద్దాన్ని గుద్దకుండా స్లైడర్ హిచ్ తీసుకోండి, దాని బరువు మళ్లీ లెక్కలో వేసుకోండి. బెడ్ అంచుకీ ట్రైలర్ కడుపుకీ మధ్య కనీసం 6 అంగుళాలు ఉండాలి. ట్రైలర్‌ని ముక్కు పైకెత్తి లాగితే దాని వెనక ఇరుసు టైర్లు ఎక్కువ మోసి పేలతాయి. ట్రైలర్‌కి ఎస్‌టీ 235/80 ఆర్16 లోడ్ రేంజ్ E టైర్లుంటే 80 పీఎస్ఐలో ఒక్కోటి 3,520 మోస్తుంది, వేగం 65 దాటించకండి. టైర్ పక్కన డాట్ కోడ్ చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. అరుగుదల లేకపోయినా ఆరేళ్లు దాటినవి మార్చేయండి. ట్రైలర్ బ్రేకులు ఎంత గట్టిగా పట్టాలో నిర్ణయించే బ్రేక్ కంట్రోలర్ గెయిన్‌ని ఖాళీ స్థలంలో 25 మైళ్ల వేగంలో చేత్తో నొక్కి చూసి, చక్రాలు బిగుసుకునే స్థాయికి కాస్త కింద పెట్టండి. న్యూ మెక్సికో, కొలరాడో సరిహద్దులో 7,834 అడుగుల ఎత్తున్న రాటన్ కనుమ దిగేటప్పుడు టో/హాల్ మోడ్ (బరువు లాగేటప్పుడు వాడే గేర్ల అమరిక), ఎగ్జాస్ట్ బ్రేక్ (ఇంజిన్‌తోనే వేగాన్ని ఆపేది) రెండూ వేసి, దిగడం మొదలు కాకముందే వేగం తగ్గించండి. ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ దాటాక ఇంకా నిటారు.

లైసెన్స్ సంగతి ట్రక్ మార్చే ముందే చూసుకోండి. టెక్సస్‌లో రెండు రేటింగులూ కలిపి 26,001 చేరి, ట్రైలర్ 10,000 పైన ఉంటే సొంత వాడకానికైనా నాన్ కమర్షియల్ క్లాస్ A లైసెన్స్ కావాలి. 12,300 జీవీడబ్ల్యూఆర్ ఉన్న 3500తో మీ 13,500 కలిపితే 25,800, గీత లోపలే. 14,000 డ్యూయలీతో 27,500, దాటేశారు. డ్రైవింగ్ పరీక్షకి ఆ తరగతి బండినే తీసుకెళ్లాలి, అంటే ట్రైలర్ కొన్నాక, లైసెన్స్ ఉన్న ఇంకొకరు పక్కన కూర్చుని మిమ్మల్ని అక్కడిదాకా తీసుకెళ్లాలి. అమ్మావాళ్ల టికెట్ల తేదీకి కనీసం రెండు నెలల ముందే డీపీఎస్ (టెక్సస్‌లో లైసెన్సులిచ్చే శాఖ) అపాయింట్‌మెంట్ పెట్టుకోండి.