పవర్ ప్లాంట్ హోరుతో రాత్రుళ్లు నిద్ర లేదు, ఎవరికి ఫిర్యాదు చేయాలి?

ప్రశ్న: మా ఇళ్లకు 250 మీటర్ల దూరంలో ఊకతో కరెంటు తయారుచేసే ప్లాంట్ కట్టారు. కట్టేటప్పుడు అర్ధరాత్రి దాకా పైలింగ్ చేశారు. మూడు నెలలుగా ట్రయల్ రన్ నడుస్తోంది. రాత్రంతా ఫ్యాన్ల హోరు. ఆవిరి వదిలినప్పుడు పిల్లలు ఉలిక్కిపడి లేస్తున్నారు. ఫిర్యాదు చేస్తే తనిఖీకి వచ్చినవారు మధ్యాహ్నం గేటు దగ్గర కొలిచి, 68 డెసిబెల్స్, పరిమితిలోనే ఉందన్నారు. ఇప్పుడు రెండో యూనిట్ కడతారట. మేమేం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ 68 నిజమే కావచ్చు. కానీ కొలిచిన చోటు, కొలిచిన వేళ రెండూ మీ బాధకు సంబంధం లేనివి. శబ్ద కాలుష్య (నియంత్రణ) నిబంధనలు, 2000 ప్రకారం పారిశ్రామిక ప్రాంతంలో పరిమితి పగలు 75, రాత్రి 70 డెసిబెల్స్. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 మాత్రమే. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. అందుకే ఈసారి అర్జీలో 'మా ఇళ్ల దగ్గర, రాత్రి 10 తర్వాత, ప్లాంట్ పూర్తి లోడ్‌లో ఉండగా కొలవండి' అని విడమరిచి రాయండి. మీది కూడా పారిశ్రామిక ప్రాంతమేనని అవతలివారు వాదించవచ్చు. మీ ఇళ్లు గ్రామకంఠంలోనో నివాస జోన్‌లోనో ఉన్నట్టు కాగితం ముందే సంపాదించండి.

ఫిర్యాదుకు రెండు దారులున్నాయి, రెండింటికీ తేడా ఉంది. కలెక్టర్, పోలీస్ కమిషనర్ లేదా డీఎస్పీకి తగ్గని అధికారుల్లో ప్రభుత్వం నియమించినవారికి ఇచ్చే ఫిర్యాదుకు 7వ నిబంధన ఒక మెలిక పెట్టింది. శబ్దం పరిమితిని కనీసం 10 డెసిబెల్స్ మించాలి. అంటే రాత్రి మీ ఇంటి దగ్గర 55 లేదా అంతకన్నా ఎక్కువ రావాలి. 50 వస్తే ఆ దారి బలహీనం. కాలుష్య నియంత్రణ మండలి దారిలో ఈ మెలిక లేదు. ప్లాంట్‌కు మండలి ఇచ్చిన సీఎఫ్‌ఈ (కట్టడానికి అనుమతి), సీఎఫ్‌ఓ (నడపడానికి అనుమతి) ఉత్తర్వుల్లో శబ్దం గురించి రాసిన షరతును మీరితే చాలు. ఆ ఉత్తర్వులు, తనిఖీ నివేదికలు సమాచార హక్కు కింద అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి.

ఫోన్ యాప్ అంకెలను కోర్టు పట్టించుకోదు. గుర్తింపు పొందిన ల్యాబ్ చేత కొలిపించండి. మైక్ నేలకు 1.2 నుంచి 1.5 మీటర్ల ఎత్తులో, గోడకు దూరంగా, గాలి తగలకుండా స్పాంజి తొడుగుతో ఉండాలి. ప్లాంట్ ఆగిన రాత్రి కూడా ఒకసారి కొలిపించండి. ఆ రెండు అంకెల తేడాయే మీ కేసుకు బలం. ఫ్యాన్, ట్రాన్స్‌ఫార్మర్ల గుంయ్‌మనే మోత, మంద్ర శబ్దాన్ని తక్కువగా లెక్కించే మామూలు 'ఎ' కొలతలో తగ్గి కనిపిస్తుంది. 100 హెర్ట్జ్ దగ్గర ఆ కొలత సుమారు 19 డెసిబెల్స్ తీసేస్తుంది. అందుకే మంద్ర శబ్దాన్ని అంతగా తగ్గించని 'సి' కొలత కూడా రాయించండి. ఆవిరి వదిలే మోత నిమిషాల్లో ఆగిపోతుంది కాబట్టి సగటులో కలిసిపోతుంది. దానికి తేదీ, గంట, ఎంతసేపు అన్న డైరీ, వీడియోలు ఉంచండి.

ఇలాంటి మోతకు, ఊరంతా బాధపడుతున్నప్పుడు, ఆర్డీఓ దగ్గర భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద అర్జీ పెట్టండి. పాత సీఆర్‌పీసీలో ఇది 133. ప్రజల ఆరోగ్యానికి, సుఖానికి భంగం కలిగించే పనిని ఆపమనో, సరిచేయమనో షరతుతో ఉత్తర్వు ఇచ్చే అధికారం ఆయనకుంది. అనుమతులున్నాయన్న ఒక్క మాటతో షరతులను ఉల్లంఘించే హక్కు ప్లాంట్‌కు రాదు.

జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచ్‌కు వెళ్లాలంటే, బాధ మొదలైన రోజు నుంచి ఆరు నెలల్లోపు దరఖాస్తు వేయాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజులు ఇస్తారు. మీకు మూడు నెలలు ఇప్పటికే గడిచాయి. అధికారుల జవాబు కోసం ఎదురుచూస్తూ ఈ గడువు పోగొట్టుకున్నవారు చాలామంది. నష్టపరిహారానికైతే ఐదేళ్లు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. 15100కి ఫోన్ చేయండి.

'శబ్దం తగ్గించండి' అని మాత్రమే అడిగితే నాలుగు మొక్కలు నాటి చేతులు దులుపుకుంటారు. ఒక వరస చెట్లు ఈ హోరును ఆపలేవు. ఐడీ ఫ్యాన్‌కు (బాయిలర్ పొగను లాగే పెద్ద ఫ్యాన్) సైలెన్సర్, డక్ట్‌కు (గాలి, పొగ వెళ్లే గొట్టం) లాగింగ్ అంటే శబ్దం ఆపే తొడుగు, సేఫ్టీ వాల్వ్‌కూ స్టీమ్ బ్లోయింగ్ (ఆవిరి వదిలే) పైపుకూ సైలెన్సర్, ఊక లారీలు రాత్రి రాకుండా షరతు అని పేరు పెట్టి అడగండి. జనరేటర్ గదిని కూడా తనిఖీ చేయమనండి. లోపల వేడి ఎక్కువై తలుపు బార్లా తీసి పెడితే ఆ గది ఉన్నా లేనట్టే. గాలి రాకపోకలకు శబ్దం ఆపే లూవర్లు (వాలు రెక్కల కిటికీలు) ఉండాలి.

ఇక రెండో యూనిట్. నివాస ప్రాంతాల్లో రాత్రి వేళ శబ్దం చేసే నిర్మాణ యంత్రాలు వాడకూడదని 2010లో చేర్చిన 5ఎ నిబంధన చెబుతోంది. దీనికి 10 డెసిబెల్స్ మెలిక లేదు, యంత్రం నడిస్తే చాలు ఉల్లంఘనే. పైలింగ్ మొదలైన రాత్రే 100కు ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. విస్తరణకు కొత్తగా సీఎఫ్‌ఈ కావాలి. అది రాకముందే మీ అభ్యంతరాలు, ల్యాబ్ నివేదిక మండలికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. సైలెన్సర్ల షరతు ఇప్పుడే ఆ ఉత్తర్వులోకి ఎక్కించుకోవడం, కట్టాక పోరాడటం కన్నా ఎంతో తేలిక.