కలెక్టరుకు అర్జీ సరే, తమ్ముడింటికి ఎప్పుడు వెళ్తారు?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. నేను తిరుపతిలో ప్రభుత్వ ఉద్యోగిని, వయసు 51. మూడు తరాలుగా క్రైస్తవులం. చిన్నప్పుడు ఎస్సీ సర్టిఫికెట్‌తోనే సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి పాలిటెక్నిక్ చదివాను. ఉద్యోగం ఓపెన్‌లో వచ్చింది. మారుమనస్సు పొంది బాప్తిస్మం తీసుకున్నాక మనస్సాక్షి ఒప్పుకోక 2012లో, క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలకిచ్చే బీసీ-సీకి మారాను. మా తమ్ముడు క్రిస్మస్‌కి చర్చికి వస్తాడు, జాతరప్పుడు గంగమ్మకి అంబలి పోస్తాడు. వాడి కొడుక్కి ఈ ఏడాది ఎస్సీ కోటాలో ఇంజినీరింగ్ సీటు వచ్చింది. అబ్బాయి బాప్తిస్మం తీసుకునే ఉంటాడు. కలెక్టరుకు అర్జీ రాసి పెట్టుకున్నాను. పాస్టరు గారేమో ఈ రాజకీయాలు మనకెందుకు అంటున్నారు. ఎవరికి ఓటు వేయాలో మాత్రం ఆయనే చెప్తారు. ఆఫీసులో టీటీడీ గొడవ వచ్చినా, మతమార్పిడి గొడవ వచ్చినా అందరూ నావైపే చూస్తారు. ఇలాంటి విషయాల్లో క్రైస్తవుడు నోరు విప్పాలా, ఊరుకోవాలా?
– ఒక సహోదరుడు, తిరుపతి

జవాబు: సహోదరా, నాలుగు పేజీలు రాశారు. పైన వేసింది అందులో కొంతే. ప్రశ్న చివరి పేజీలో ఉంది. సమస్య మాత్రం రెండో పేజీలో ఉంది.

ముందు ప్రశ్న సంగతి తేల్చేద్దాం. నోరు విప్పాలి. ఓటున్న ప్రతి మనిషికీ ఆ హక్కుంది, క్రైస్తవుడికి వేరే అనుమతి అక్కర్లేదు. ఓటు ఎవరికన్నది మీ ఇష్టం, అది పాస్టరు గారి పని కాదు. అన్యమత ఉద్యోగులను వేరే శాఖలకు పంపాలని టీటీడీ బోర్డు 2024 నవంబరులో తీర్మానం చేసింది. దాని మీద టీ దగ్గర వాదించి మీరు గెలిచినా ఓడినా ఎవరి బదిలీ ఆగదు. ‘నువ్వేమంటావ్’ అని ఎవరైనా గుచ్చి అడిగితే సర్వీసు రూల్సు ఉన్నాయి, కోర్టులున్నాయి అని చెప్పి మీ ఫైలు చూసుకోండి. తోటి క్రైస్తవులందరి తరఫునా మీరు సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

ఇక సర్టిఫికెట్. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. మనల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లూ వాళ్ల పిల్లలూ బీసీ-సీ, రిజర్వేషన్ ఒక్క శాతం. ఎస్సీ హోదాకు మతంతో ముడి తీసేయమని కేంద్రం వేసిన రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో చెప్పింది. 2023 మార్చిలో మన అసెంబ్లీ కూడా దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చమని తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. ఈ ఉత్తర్వు అన్యాయమన్నదే నా అభిప్రాయం, దాచుకోను. చర్చికి వెళ్లినంత మాత్రాన ఊళ్లోవాళ్లు మన వాడ పేరు మరిచిపోరు. ఊళ్లోవాళ్ల దాకా ఎందుకు, సంబంధం మాట్లాడేటప్పుడు ‘మీరేమిట్లు’ అని కులం అడగని ఇల్లు మన చర్చిలో ఎన్ని ఉన్నాయి?

అయినా చట్టం మారేదాకా చట్టమే. క్రైస్తవుడిగా బతుకుతూ హిందూ ఎస్సీ అని రాసిస్తే అది అబద్ధం, నేను సమర్థించను. మన రాష్ట్రంలో కుల ధ్రువపత్రాలకు ప్రత్యేకంగా 1993 నాటి చట్టం ఉంది. తప్పుడు సర్టిఫికెట్ అని తేలితే కలెక్టరు రద్దు చేస్తారు, దాంతో వచ్చిన సీటూ పోతుంది. మీకిదంతా తెలుసు. తెలిసే అర్జీ రాశారు.

కానీ అందులో ఏమని రాశారు? అబ్బాయి బాప్తిస్మం ‘తీసుకునే ఉంటాడు’ అన్నారు. తీసుకున్నాడో లేదో మీకు తెలియదు! మీరు వాడికి పెదనాన్న. సొంత తమ్ముడి కొడుకు ఏ దేవుణ్ణి నమ్ముతున్నాడో తెలియదు గానీ, వాడు ఏ కోటాలో చేరాడో మాత్రం తెలిసింది. ఎలా తెలిసింది? ‘మా చర్చిలో ఒకాయన చెప్పారు’ అని రాశారు. అంటే మీ ఇంటి సంగతి బయటివాళ్లు మోసుకొస్తే వింటున్నారు. నాకు కోపం వచ్చింది ఇక్కడే.

ఇప్పుడు రెండో పేజీకి వద్దాం. రెండేళ్ల కిందట అమ్మ పోయారు. ఆఖరిదాకా చూసుకున్నది తమ్ముడే. సాగనంపేటప్పుడు వాడు పలకలు, అంటే డప్పులు, పెట్టించాడు. మీరు చర్చి పద్ధతి కాదని అందరి ముందూ పలకలవాళ్లను వెనక్కి పంపేశారు. వాడు సమాధి దగ్గరి నుంచి అటే వెళ్లిపోయాడు. అప్పటి నుంచి మాటల్లేవు. ఇదంతా మూడు వాక్యాల్లో చెప్పేసి మళ్లీ చట్టంలోకి వెళ్లిపోయారు. ఆ రోజు పలకలు మోగితే ఎవరి విశ్వాసం ఏమైపోయేది? అన్నేళ్లు అమ్మకు మందులు మింగించి, ఒళ్లు తుడిచి, అన్నం పెట్టిన కొడుక్కి ఆ ఒక్క పూట తన ఇష్టప్రకారం సాగనంపే హక్కు లేదా?

మీరే రాసిన ఇంకో మాట. నాన్న పోయాక తమ్ముడు తొమ్మిదో తరగతితో బడి మానేసి మామిడికాయల గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్లాడు. కాయల తొడిమలు కోసి కోసి, సొన పడి చేతులు పొక్కిపోయేవి. ఆ చేతులతో తెచ్చిన కూలి మీ పరీక్ష ఫీజుకీ, మీ చొక్కాలకీ వచ్చింది. పైగా ఇప్పుడు ఆ పిల్లాడి దగ్గరున్నలాంటి కాగితంతోనే మీరు హాస్టల్లో అన్నం తిన్నారు. 2012లో కాగితం మార్చుకున్నారు, మంచిదే. అప్పటికి మీ చదువు అయిపోయింది, ఉద్యోగం కుదురుకుంది. మీకు మనస్సాక్షి మేలుకునేంత తీరిక దొరికింది. తమ్ముడికి ఆ తీరిక ఇంకా రాలేదు.

బలిపీఠం దగ్గర అర్పణ పెడుతుండగా నీ సహోదరుడికి నీ మీద విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమన్నారు ప్రభువు. విరోధం మీ తమ్ముడికి మీ మీద ఉంది కాబట్టి కదలాల్సింది మీరే. వాడొస్తాడని తిరుపతిలో కూర్చుంటే కుదరదు.

అర్జీ చించేయండి. చిత్తూరు బస్సెక్కండి. మొదటిసారి వెళ్లినప్పుడు సర్టిఫికెట్ మాట ఎత్తొద్దు, అమ్మ మాట ఎత్తండి. పలకల విషయంలో తప్పు మీదని తమ్ముడి భార్య ముందు కూడా చెప్పండి, ఎందుకంటే ఆ రోజు ఆమె కూడా అక్కడే ఉంది. కొన్నాళ్లయ్యాక పిల్లాడితో విడిగా కూర్చోండి. వాడు గంగమ్మకి మొక్కేవాడైతే ఆ సీటుతో మీకు పేచీ లేదు. మీ నమ్మకం వాడి కాగితం మీద రుద్దొద్దు. నిజంగా బాప్తిస్మం తీసుకుని చర్చిలో ఉంటే, చట్టం ఏమంటోందో, దొరికితే ఏం పోతుందో తండ్రీకొడుకులకు విడమరిచి చెప్పండి. నిర్ణయం వాళ్లది. అయితే ఆ మాట చెప్పే ముందు ‘సీటు వదులుకుంటే నాలుగేళ్ల ఫీజు నేను కడతాను’ అని మీ నోటి నుంచి రావాలి. ఆ మాట అనలేకపోతే నిజాయితీ గురించి వాడికి బోధించకండి.

అన్యాయం మీద కడుపు మంట నిజమే అయితే ఆ 1950 ఉత్తర్వు మీద మీ ఎంపీకి రాయండి, చర్చిలో పదిమంది చేత సంతకాలు పెట్టించండి. పాస్టరు గారు వద్దంటే వద్దననివ్వండి.

ఫీజు సంగతి మాత్రం బస్సెక్కే ముందే మీ ఆవిడతో మాట్లాడండి. ఇంట్లో చెప్పకుండా అక్కడ మాటిచ్చేసి, తర్వాత వెనక్కి తీసుకుంటే మీ తమ్ముడు ఈసారి తలుపు కూడా తీయడు.