అమ్మ పెట్టిన పేరు, నేను పెట్టుకున్న పేరు

ప్రశ్న: నా వయసు 44 ఏళ్లు. 1981లో సిద్దిపేట దగ్గరి ఒక పల్లెలో పుట్టాను. ఇప్పుడు ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. నాకు ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు పోవడంతో మా అమ్మ నాకు పెంటమ్మ అని పేరు పెట్టింది. బడిలో హాజరు పిలిచిన ప్రతిసారీ తరగతంతా నవ్వేది. డిగ్రీ చదవడానికి హైదరాబాద్ హాస్టల్లో చేరిన రోజున నా పేరు శ్రీలత అని చెప్పుకున్నాను. పెళ్లి పత్రికలోనూ అదే అచ్చయింది. కాగితాల మీద మాత్రం నేటికీ పాత పేరే ఉంది. మా వారికి, అత్తమ్మకు ఈ సంగతి తెలుసు. మా అమ్మాయికి తెలియదు. మొన్న తన పదో తరగతి నామినల్ రోల్ కోసం నా ఆధార్ కార్డు తీసి, 'పెంటమ్మ ఎవరమ్మా?' అని అడిగింది. ఎవరో తప్పుగా రాశారని చెప్పాను. పక్కనే కూర్చున్న మా అమ్మ ఏమీ అనలేదు. తెల్లవారే ఊరికి వెళ్లిపోయింది. మూడు వారాలుగా నా ఫోను ఎత్తడం లేదు. గెజిట్‌లో పేరు మార్చుకుంటే ఆమెను అవమానించినట్టేనా? అమ్మాయికి ఏమని చెప్పాలి?

జవాబు: శ్రీలత గారూ, మీరు ఎంచుకున్న పేరుతోనే మిమ్మల్ని పిలుస్తున్నాను, ఎందుకంటే ఆ పేరు మీద మీకు పూర్తి హక్కు ఉంది. ఇరవై ఏళ్లకు పైగా మీరు ఆ పేరుతో చదివారు, పెళ్లి చేసుకున్నారు, పిల్లలకు పాఠాలు చెప్పారు. జనాబాయిగా పుట్టిన జమునను, లలితారాణిగా పుట్టిన జయప్రదను మనం వారు నిలుపుకున్న పేర్లతోనే ఎరుగుదుం. 2021 జూన్ 3న సుప్రీంకోర్టు, సీబీఎస్ఈ ధ్రువపత్రాల్లో పేరు మార్పుకు సంబంధించిన కేసులో, తన పేరును తాను నిర్ణయించుకోవడం రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణ ఇచ్చిన భావ ప్రకటన స్వేచ్ఛలో భాగమని గుర్తించింది. కాబట్టి పేరు మార్చుకోవడం తప్పా అన్న బెంగను ముందుగా పక్కన పెట్టండి. మీ అమ్మగారు కూడా ఇన్నేళ్లలో మిమ్మల్ని శ్రీలత అని పిలిచేవారి మధ్యనే కూర్చుని భోంచేశారు, పెళ్లి పత్రిక మీద ఆ పేరు చూశారు, ఏనాడూ అభ్యంతరం చెప్పినట్టు మీరు రాయలేదు. ఆమెకు తగిలిన దెబ్బ ఆ రోజు మీ నోట వచ్చిన ఒక్క మాట వల్ల తగిలింది. తాను ఎంతో ఆలోచించి పెట్టిన పేరును, ఎవరో గుమాస్తా పొరపాటున రాసినదని మనవరాలి ముందు చెప్పడం ఆమె విన్నారు.

ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలుసు, కాని ఒకసారి మీ అమ్మగారి వైపు నుంచి చూడమని అడుగుతున్నాను. మీరు పుట్టిన 1981లో మన దేశంలో పుట్టిన ప్రతి 1000 మంది శిశువుల్లో 110 మంది మొదటి పుట్టినరోజు చూడకుండానే పోయేవారు. ఆస్పత్రి దూరంగా, బస్సు రోజుకు ఒకటో రెండో వచ్చే పల్లెల్లో ఇద్దరు బిడ్డలను పోగొట్టుకున్న తల్లికి మూడో కాన్పు ఎంత భయమో ఊహించండి. వైద్యం అందని చోట ఆమె చేతిలో మిగిలిన ఉపాయం ఒక్కటే. బిడ్డను చాటలో పెట్టి పెంటకుప్ప మీద ఒకసారి దొర్లించడం, పక్కింటి ఆమె ఎత్తుకుంటే గుప్పెడు తవుడో రెండు పైసలో ఇచ్చి తిరిగి కొనుక్కోవడం, ఇది పారేసిన బిడ్డ, దీని మీద ఎవరి కన్నూ పడనక్కర్లేదని మృత్యువుకు వినపడేలా ఒక పేరు పెట్టడం. పెంటయ్య, పుల్లయ్య, కుప్పమ్మ, ఉత్తరాంధ్రలో తవిటయ్య, తవిటమ్మ, ఇవన్నీ ఆ భయంలోంచి పుట్టిన పేర్లే. మా నాయనమ్మ పేరు తవిటమ్మ. ఆమెకు ముందు ముగ్గురు పోయారని నాకు తెలిసేసరికి ఆమె లేరు; అడగవలసినవి అడగలేకపోయానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇంకొక మాట చెప్పాలి. వ్యవసాయం చేసే ఇంట్లో పెంట అంటే ఎరువు. వానాకాలానికి ముందు బండ్ల మీద పొలానికి పెంట తోలిన ఇల్లు ఆ ఏడు గింజలు చూస్తుంది. ఆ మాటకు మురికి అన్న అర్థం ఒక్కటే మిగలడం, పల్లె నుంచి బడికి, బడి నుంచి పట్నానికి వెళ్లిన దారిలో జరిగింది. తరగతిలో నవ్విన పిల్లలకు అది తెలియదు. హాజరు పిలిచే పెద్దవారికి తెలిసి ఉండాలి, ఆ నవ్వును ఆపి ఉండాలి. పది, పన్నెండేళ్ల పిల్ల ప్రతి ఉదయం 'ప్రెజెంట్ సార్' అనడానికి తలవంచుకోవలసి రావడం చిన్న గాయం కాదు. ఇలాంటి పేర్లు ఎక్కువగా పేద ఇళ్లలో, బలహీన వర్గాల ఇళ్లలో ఉంటాయి కాబట్టి ఆ నవ్వులో పేరుతో పాటు ఆ ఇంటి మీద, ఆ కులం మీద ఉన్న చులకన కూడా కలిసి ఉంటుంది. హాస్టల్ గేటు దగ్గర కొత్త పేరు చెప్పిన ఆ అమ్మాయి తనను తాను కాపాడుకుంది. అలా చూస్తే మీ అమ్మగారు, మీరు ఇద్దరూ చేసింది ఒక్క పనే: ఒకే బిడ్డను ఆమె ఒకసారి కాపాడారు, మీరు ఇంకోసారి కాపాడుకున్నారు. ఈ మాటను మీ అమ్మగారికి చెప్పగలిగితే ఆమెకు అర్థమవుతుందని నా నమ్మకం.

అందుచేత ముందు ఊరికి వెళ్లండి. ఫోనులో తేలే విషయం కాదిది. 'అమ్మా, ఆ పిల్లతో అబద్ధం చెప్పాను, తప్పు రాసింది ఎవరూ కాదు, నువ్వు పెట్టిన పేరే అది' అని మొదటి మాటగా అనండి. బడిలో పడ్డ అవమానం గురించి ఆ తర్వాత చెప్పండి, ఎందుకంటే ఆమెకు అది ఎప్పుడూ పూర్తిగా చెప్పి ఉండరని మీ ఉత్తరం చదివితే అనిపిస్తోంది. ఇంటికి వచ్చి ఏడ్చిన బిడ్డను చూసి ఉంటారు, ఏడుపుకు కారణం తాను పెట్టిన పేరేనని బహుశా ఎరగరు. ఆమె వెంటనే మెత్తబడకపోవచ్చు. బదులు రాకపోతే ఆ రోజుకు వాదించవద్దు.

మీ అమ్మాయికి విషయం మీరే చెప్పాలి, మీ వారి చేత చెప్పించవద్దు. ఊరికి వెళ్లే ముందే చెప్పండి. పదిహేనేళ్ల పిల్లకు 'నా పేరు పెంటమ్మ, చిన్నప్పుడు నవ్వితే సిగ్గుపడి శ్రీలత అని పెట్టుకున్నాను, మొన్న నీతో అబద్ధమాడాను' అన్న మూడు మాటలు చాలు. మిగిలిన కథను అమ్మమ్మ నోట వినమనండి.

ఇక కాగితాల సంగతి. నామినల్ రోల్‌లో ప్రస్తుతం మీ ఆధార్‌లో, సర్వీసు రిజిస్టరులో ఉన్న పేరునే రాయండి; పదో తరగతి మెమోలో తల్లి పేరు తేడా పడితే తర్వాత సరిచేయించడం మీ అమ్మాయికే భారమవుతుంది. గెజిట్ మార్పు కావాలనుకుంటే ప్రమాణపత్రం, పత్రికా ప్రకటనలు, దరఖాస్తు కావాలి, ఉద్యోగంలో ఉన్నారు కాబట్టి మీ శాఖకు కూడా తెలియజేయాలి. ఆధార్‌లో పేరును జీవితకాలంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, కనుక అక్షరాలు, ఇంటిపేరు అన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకుని చేయండి. పాత ధ్రువపత్రాల మీద పాత పేరు అలాగే ఉంటుంది. రెండూ ఒకరేనని చెప్పే గెజిట్ ప్రతిని వాటితో జతచేసి చూపవలసి ఉంటుంది. మీకు సమ్మతమైతే మన వైపు భూమి కాగితాల్లో రాసినట్టు 'పెంటమ్మ ఉరఫ్ శ్రీలత' అని రెండు పేర్లనూ వాడే దారి కూడా ఉంది. నా అభిప్రాయం అడిగితే, అమ్మాయి పరీక్షలు అయ్యేదాకా గెజిట్ జోలికి వెళ్లకండి. మీ అమ్మగారితో మాట తిరిగి కలిసిన తర్వాత కూడా మార్చాలనే అనిపిస్తే నిస్సంకోచంగా మార్చుకోండి, ఆ దరఖాస్తు ఇచ్చే ముందు ఆమెకు చెప్పండి. అనుమతి అడగనక్కర్లేదు, చెప్తే చాలు.

ఊరికి వెళ్లినప్పుడు, వీలైతే అమ్మాయి పక్కన ఉండగా, మీకంటే ముందు పుట్టిన ఆ ఇద్దరి గురించి మీ అమ్మగారిని అడగండి. వాళ్లు తొట్టెల వేసే రోజు దాకా ఉన్నారా, వాళ్లకు పేర్లు పెట్టారా, పెడితే ఏ పేర్లు పెట్టారో అడగండి.