అల్లుడికి, ఎంజైమ్ ప్యాకెట్ చింపే ముందు

అల్లుడూ,

కోళ్ల మేతలో ఎంజైమ్ కలుపుదామనుకుంటున్నానని ఫోన్లో అన్నావు కదా. కలుపు. కానీ ఏజెంటు మాట విని మూడు రకాలు ఒకేసారి పొయ్యొద్దు. ముందు ఫైటేజ్ అనే ఎంజైమ్ ఒక్కటి చాలు.

మొక్కజొన్న, సోయా చెక్క, తవుడు, వీటిల్లో ఉండే భాస్వరంలో మూడింట రెండు వంతులు ఫైటేట్ అనే రూపంలో బిగుసుకొని ఉంటుంది. కోడికి అది సరిగా అరగక రెట్టలో పోతుంది. అందుకే కదా డీసీపీ (భాస్వరం, కాల్షియం ఉండే డైకాల్షియం ఫాస్ఫేట్ పొడి) కొని వేసేది. ఫైటేజ్ ఆ ముడి విప్పుతుంది. డీసీపీ తగ్గించకుండా ఇదీ వేస్తే ఖర్చు మీద ఖర్చే. గ్రాముకు 5000 యూనిట్ల ఫైటేజ్ పొడి టన్ను మేతకు 100 గ్రాములు వేస్తే, డీసీపీ అయిదు కిలోల దాకా తగ్గించొచ్చు. నువ్వు మాత్రం మొదట రెండు కిలోలే తగ్గించి నెల చూడు. దాంతోపాటు పోయిన కాల్షియానికి కొంచెం సున్నపురాతి పొడి వెయ్యి. గుమ్మరించొద్దు, కాల్షియం ఎక్కువైతే ఫైటేజ్ పని మందగిస్తుంది.

అసలు తిప్పలంతా కలపడంలో ఉండాది. టన్నుకు 100 గ్రాములంటే 50 కిలోల బస్తాకు అయిదు గ్రాములే! నేను మొదట్లో ప్యాకెట్ చింపి నేరుగా మిక్సర్లో పోసినా. డీసీపీ ఆ రోజే అయిదు కిలోలూ కోసేసినా. మిక్సర్లో చివర దిగే మేత ఎప్పుడూ పడమటి వరసకే పోయేది. కొన్ని వారాలకు ఆ వరస కోళ్లు కేజుల్లోనే కూలబడినాయి, గుడ్లూ తగ్గినాయి. జబ్బనుకొని మందులు తాపినా. ఆఖరికి మీ అత్త వచ్చి చూసి, "సంగటిలో ఉప్పు ఒక మూలన పోసి కలపకుండా పెడితే ఎవరు తింటారు?" అనింది. పొడి సరిగా కలవక ఆ వరసకు భాస్వరం చాల్లేదన్నమాట. అప్పటి నుంచి 100 గ్రాములను కిలో మొక్కజొన్న పిండిలో చేత్తో బాగా కలిపి, దాన్ని పది కిలోల్లో కలిపి, ఆ తర్వాతే మిక్సర్లో వేస్తున్నా.

పొద్దుతిరుగుడు చెక్క ఎక్కువ వేసే రోజున జైలనేజ్ (పీచును విడగొట్టే ఇంకో ఎంజైమ్) సంగతి మాట్లాడుకుందాం. బూజు పట్టిన వేరుశనగ చెక్కను మాత్రం ఏ ఫైటేజూ బాగు చెయ్యదు, చౌకగా ఇస్తామన్నా దించుకోవద్దు.

మన అనంతపురం ఎండలకు రేకుల షెడ్డులో ప్యాకెట్లు పెట్టొద్దు, వేడికి పొడి బలం తగ్గిపోతుంది. ఇంట్లో చల్లగా, తడి తగలకుండా పెట్టు.

ఆదివారం గుత్తి నుంచి పొద్దున్నే బయలుదేరి వస్తా. గ్రాములు తూచే చిన్న కాటా ఒకటి తెప్పించి పెట్టు, మొదటి బ్యాచ్ ఇద్దరం కలుపుదాం.

మీ మామ