డాక్టరమ్మను అడగండి: పిల్లర్ల రోడ్డు మీద కాన్పు

ప్రశ్న: డాక్టరమ్మా, నమస్తే. మాది శివరాంపల్లి. ఈమధ్యే నాకు రెండో కాన్పు అయింది, అదీ ఆటోలో. డాక్టరు చెప్పిన తేదీకి ఇంకా వారం పైనే ఉంది. ఆ రాత్రి రెండు దాటాక నడుము పట్టేసినట్టయింది. సాయంత్రం తిన్న మిర్చి బజ్జీల పనే అనుకున్నా. ఎందుకైనా మంచిదని ఆస్పత్రికి ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్న సిస్టర్ "అయిదు నిమిషాలకోసారి నొప్పులొస్తే రండి, ఇప్పుడే తొందరేం లేదు" అంది. సరేనని పడుకున్నా. కాసేపటికే మోషన్ వస్తున్నట్టనిపించి బాత్రూమ్‌కి వెళ్తే ఉమ్మనీరు పోయింది. మా ఆయనకు ఎయిర్‌పోర్టులో నైట్ డ్యూటీ. అత్తమ్మ పక్కింటి అన్నను లేపి ఆటో తీయించింది. ఆ వేళప్పుడు ఫ్లైఓవర్ కింద, నంబర్లేసిన పిల్లర్ల రోడ్డు ఖాళీగానే ఉంది. అయినా అత్తాపూర్ రాకముందే పాప తల బయటికొచ్చేసింది. అత్తమ్మ కొంగు పట్టి పాపను అందుకుంది. అన్న బండి పక్కకు ఆపి, ముఖం అటు తిప్పుకొని ఫోన్ లైటు పట్టాడు. బొడ్డు కోయడానికి అత్తమ్మ బ్లేడు కోసం అరుస్తుంటే, ఫోన్‌లో 108 వాళ్లు "కోయొద్దమ్మా, పాపను తల్లి గుండెల మీద పెట్టి కప్పండి, పిల్లర్ నంబరు చెప్పండి" అన్నారు. తర్వాత అంబులెన్స్ వచ్చి తీసుకెళ్లింది.

ఇద్దరం బాగున్నాం. కానీ ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "ముందే చెప్పొద్దా?" నిండు నెలల్లో మెట్లెక్కినందుకు, ఇల్లు తుడిచినందుకు ఇలా అయిందని మా ఆడబిడ్డ అంటోంది. నిజంగా నా తప్పేనా? పాపకు మున్ముందు ఇబ్బందులేమైనా వస్తాయా? ఇంకో కాన్పంటూ అయితే మళ్లీ ఇలాగే అవుతుందా? పైగా ఆస్పత్రి వాళ్లు "మా దగ్గర పుట్టలేదు కదా, బర్త్ సర్టిఫికెట్‌కు మేం రాయం" అంటున్నారు. ఏం చేయాలి?
— పేరు వద్దు, శివరాంపల్లి

జవాబు: చివర అడిగినదానికి ముందు చెప్తాను తల్లీ, దానికి గడువుంది. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. పుట్టిన 21 రోజుల్లోపు చెప్తే డబ్బేమీ కట్టకుండా నమోదు చేస్తారు. దాటితే ఆలస్య రుసుము, ఇంకా దాటితే పై అధికారి అనుమతి తెచ్చుకునే గోల. నడుస్తున్న బండిలో బిడ్డ పుడితే, ఆ బండి మొదట ఆగిన చోట సమాచారం ఇవ్వాలి. ఇవ్వాల్సింది బండి నడిపే మనిషి. అంటే కాగితం మీద ఈ బాధ్యత మీ ఆటో అన్నదే! ఆయన్ని వెంటబెట్టుకుని, ఆ పిల్లర్ ఏ మునిసిపల్ సర్కిల్ కిందికొస్తుందో కనుక్కొని, ఆ ఆఫీసులో రిజిస్ట్రారును కలవండి. ఆస్పత్రి వాళ్లు "ఇక్కడే పుట్టింది" అని రాయకపోవడం న్యాయమే. కానీ "దారిలో ప్రసవమై, బిడ్డతో సహా ఫలానా టైముకు వచ్చింది" అని డిశ్చార్జి కాగితంలో రాసివ్వాలి. అది అడిగి తీసుకో.

ఇక తప్పు సంగతి. నీ తప్పేమీ లేదు. ఇల్లు తుడిస్తే కాన్పు అయ్యేదైతే, తేదీ దాటిపోయినవాళ్లకు మందులు పెట్టి నొప్పులు తెప్పించే బాధ మాకెందుకు? తలా ఒక చీపురు ఇచ్చేవాళ్లం. నొప్పులు సరిగ్గా మొదలయ్యాక 3 గంటల్లోపు బిడ్డ బయటపడితే దాన్ని మేం ప్రెసిపిటేట్ లేబర్ అంటాం. గర్భసంచి గట్టిగా, వెంటవెంటనే ముడుచుకుంటుంది. ఒకసారి సాగిన దారి కాబట్టి రెండోసారి పెద్దగా అడ్డుపడదు. తొలిచూలుకు 12, 18 గంటలు పట్టిన మనిషి మలిచూలుకు అందులో సగం టైములో కనేయడం మామూలే. కొందరిలో ఆ సగం కూడా పట్టదు. నీ మొదటి కాన్పు ఎంతసేపు పట్టిందో రాయలేదు. అదీ తొందరగానే అయి ఉంటే, ఈసారి చెకప్‌లలోనే ఎవరో ఒకరు ఆ సంగతి అడిగి ఉండాల్సింది.

"అయిదు నిమిషాలకోసారి వస్తే రండి" అనేది తొలిచూలు వాళ్లకు సరిపోయే మాట. రెండో కాన్పు మనిషికి ఆ మాట చెప్పి ఫోన్ పెట్టేయడం నాకు నచ్చదు. ఆమెను అడగాల్సింది "మోషన్ వస్తున్నట్టుందా?" అని. బిడ్డ తల కిందికి దిగి వెనక వైపు ఒత్తితే అచ్చం అలాగే ఉంటుంది. లేబర్ రూములో ఎవరైనా "సిస్టర్, బాత్రూమ్‌కి పోవాలి" అనగానే మేం గ్లౌజులు తొడుక్కునేవాళ్లం. నెలలు నిండిన ఆడమనిషి ఇంట్లో ఉన్నట్టుండి ఆ మాట అంటే, లోపలికి పంపి గడియ పెట్టుకోనివ్వకండి. నొప్పులు కడుపులోనే మొదలవ్వాలనీ లేదు, చాలామందికి నడుములోనే మొదలవుతాయి. బజ్జీలను ఆడిపోసుకోకు.

పాప గురించి బెంగ వద్దు. వేగంగా వచ్చిన పిల్లలకు ముఖం కాస్త కమిలినట్టు, కంట్లో ఎర్ర చారలాగా కనిపించవచ్చు, అవి తగ్గిపోతాయి. బాగా ఏడ్చి, పాలు తాగుతూ, బరువు పెరుగుతుంటే దాని తెలివికీ ఆటోకీ సంబంధం లేదు. కానీ టీకాల కార్డు ఒకసారి తీసి చూడు. విటమిన్ కె ఇంజక్షన్, బిసిజి, పోలియో చుక్కలు, 24 గంటల్లోపు పడాల్సిన హెపటైటిస్-బి, ఇవన్నీ ఉన్నాయా? దారిలో పుట్టిన పిల్లల విషయంలో హడావుడిలో తప్పిపోయేవి ఇవే. నీది నెగెటివ్ గ్రూపై, పాపది పాజిటివ్ అయితే 72 గంటల్లోపు నీకు యాంటీ-డి ఇంజక్షన్ ఇచ్చి ఉండాలి. ఇవ్వలేదంటే రేపే మీ డాక్టర్ని అడుగు. జ్వరం, దుర్వాసన, గంటకో ప్యాడ్ తడవడం, వీటిలో ఏది ఉన్నా ఈ పత్రిక పక్కన పడేసి ఆస్పత్రికి వెళ్లు.

మీ అత్తమ్మకు నా నమస్కారాలు చెప్పు. బిడ్డను లాగలేదు, జారిపోకుండా అందుకుంది. బ్లేడు దగ్గర మాత్రం 108 వాళ్లు ఆపడం మంచిదైంది. బొడ్డు వెంటనే కోసేయాలని మన ఇళ్లల్లో గట్టి నమ్మకం. పుట్టాక కొన్ని నిమిషాలు మాయలోని రక్తం ఆ తాడులోంచి బిడ్డకే చేరుతుంటుంది. ఆస్పత్రిలోనూ 1 నుంచి 3 నిమిషాలు ఆగే కోస్తాం. అంబులెన్స్ వచ్చేదాకా అలా వదిలేస్తే నష్టమేమీ లేదు. రోడ్డు పక్క బ్లేడుతో కోస్తే మాత్రం ధనుర్వాతం భయం, ముడి సరిగ్గా పడకపోతే బిడ్డ రక్తం పోయే భయం.

నిజంగా తొందరపడాల్సింది తుడవడానికి. తడి ఒంటితో ఉన్న బిడ్డ చూస్తుండగానే చల్లబడిపోతుంది, మన మే నెల ఎండల్లో కూడా. పొడిగుడ్డతో ఒళ్లంతా తుడిచి, తడిసిన గుడ్డ తీసేసి, తల్లి ఒంటికి బిడ్డ ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి, బిడ్డ తలతో సహా ఇద్దరినీ కలిపి కప్పాలి. ఏడవకపోతే వీపు మీద గట్టిగా రుద్దాలి, చాలామంది దాంతోనే ఏడుస్తారు. కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీసి కొట్టడం సినిమాలకు వదిలేద్దాం. పేగు మెడకు చుట్టుకొని వస్తే, వదులుగా ఉన్నప్పుడు తల మీదుగా నెమ్మదిగా తప్పించవచ్చు. స్నానం ఆ రోజుకు వద్దు.

మాయ దానంతటదే పడుతుంది, అరగంట దాకా పట్టొచ్చు. తాడు పట్టుకుని లాగారంటే గర్భసంచే తిరగబడి బయటికి రావచ్చు, రక్తం ఆగకపోవచ్చు. పడిన మాయను పారేయకుండా కవర్లో వేసి బిడ్డతోపాటే తేవాలి. లోపల ముక్క మిగిలిందా లేదా అని మేం చూసుకోవాలి. మాయ పడ్డాక బొడ్డు కింద చేత్తో రుద్దితే గర్భసంచి కొబ్బరికాయలా గట్టిగా తగలాలి. మెత్తగా ఉండి రక్తం ధారగా పోతోందంటే, ఈ మొత్తం వ్యవహారంలో తల్లి ప్రాణానికి అసలు ముప్పు అదే. వేగంగా కన్నవాళ్లలో ఆ ముప్పు ఇంకాస్త ఎక్కువ. అర లీటరు పోతేనే మాకు గంట మోగినట్టు. రుద్దుతూనే ఉండాలి, బిడ్డను రొమ్ముకు అందించాలి. బిడ్డ చీకితే గర్భసంచి ముడుచుకుంటుంది.

ఇంకో మాట. "కాళ్లు దగ్గర పెట్టుకో, ఆస్పత్రి వచ్చేసింది" అని తోడున్నవాళ్లు అంటుంటారు. అలా ఆపడం బిడ్డకు మంచిది కాదు. పక్కకు తిరిగి పడుకుని, ముక్కకుండా నోటితో చిన్న చిన్న ఊపిరి తీసుకుంటే తల నెమ్మదిగా వస్తుంది, కింద చిరగడమూ తగ్గుతుంది.

మళ్లీ కాన్పంటూ అయితే ఇలాగే తొందరగా అయ్యే అవకాశం బాగానే ఉంది. కాబట్టి మొదటి చెకప్‌లోనే ఈ సంగతి చెప్పి ఫైలు మీద పెద్దక్షరాలతో రాయించు. తొమ్మిదో నెలలో ఒక్కదానివే ఉండకు. నొప్పుల మధ్య నిమిషాలు లెక్కపెట్టకుండా మొదటి నొప్పికే కదులు. 39 వారాలు నిండాక ఒక రోజు చూసుకుని ఆస్పత్రిలోనే నొప్పులు తెప్పించుకోవడం గురించి డాక్టరుతో మాట్లాడొచ్చు. కొందరికి అది నప్పుతుంది, అందరికీ కాదు. ఇందుకోసం ఆపరేషన్ మాత్రం అడగొద్దు. సులువుగా కనే మనిషికి కడుపు కోయడం ఏం న్యాయం? ఫోన్ చేస్తే ముందు 108కే చెయ్యాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే మొదలైన సర్వీసది. కాన్పు చేయడం నేర్చుకున్న మనిషి, దానికి కావాల్సిన సామాను ఆ బండిలోనే ఉంటాయి. 102 అమ్మఒడి బండి చెకప్‌లకూ, బాలింతను ఇంటికి దింపడానికీ.

ప్రశ్న: మేడమ్, ఉప్పల్‌లో ఆటో నడుపుతా. రాత్రిపూట నొప్పులతో ఉన్నామెను ఎక్కించుకోవాలంటే భయం. బండిలోనే కాన్పయితే పోలీసు కేసు అవుతుందా? బండి ఆపాలా, తోలాలా?
— ఒక ఆటో డ్రైవర్

జవాబు: బిడ్డ పుట్టడం కేసు కాదు నాయనా, ఎక్కించుకో. తల కనపడుతోందని తోడున్న ఆడవాళ్లు అరిస్తే వెలుతురున్న చోట పక్కకు ఆపి, 108కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టు. ఇంకా కనపడకపోతే తోలు, కానీ వాళ్లు పేరు రాయించుకున్న ఆస్పత్రి కోసం ఊరంతా దాటొద్దు. దారిలో కాన్పులు చేసే నర్సింగ్ హోమ్ తెరిచి ఉంటే అక్కడికే. సర్కారువి కావాలంటే మీ వైపు నుంచి గాంధీ ఉంది. దిల్‌సుఖ్‌నగర్ వైపు ఉంటే మలక్‌పేట, వనస్థలిపురం ఏరియా ఆస్పత్రులు. కోఠి దగ్గర సుల్తాన్‌బజార్, పాతబస్తీలో పేట్లబుర్జు. స్పీడ్ బ్రేకర్ల దగ్గర మెల్లగా పోనీ.

సీటు వెనక ఉతికిన తువ్వాళ్లు రెండు, ఒక ప్లాస్టిక్ షీటు, మెడికల్ షాపులో దొరికే గ్లౌజులు పెట్టుకో. తర్వాత సీటు కడగాలంటే గ్లౌజులు వేసుకుని ముందు పాత గుడ్డతో రక్తమంతా తుడిచెయ్యి. ఆపైన బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లు పోసి పది నిమిషాలు ఆగి కడుగు. వేడినీళ్లు పోయకు, మరక పట్టేస్తుంది.